పూల గజల్, పూర్ణమ్మ పాట

మా ఇంట్లో ఉర్దూ చదవడం, రాయడం వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు మా దాదీ, ఇంకొకరు నాన్న చెల్లెలు, మా ఫుప్పీ. మిగిలిన మేమంతా ఎచ్చెర్లలో తెలుగు బడికి పోయినవాళ్లం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే, అదీ సగం తెలుగు కలిసిన ఉర్దూ. లిపి సంగతికొస్తే, ఖురాన్ షరీఫ్ చదవడానికి హజ్రత్ దగ్గర నేర్చుకున్న అరబీ హర్ఫుల దగ్గరే మా చదువు ఆగిపోయింది. జుమా రోజున నాన్న నన్ను సైకిలు మీద శ్రీకాకుళం తీసుకుపోయేవాడు. అక్కడి జామియా మసీదు 1641లో కుతుబ్ షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది. అంత పాత రిష్తా ఉంది ఈ నేలకీ మా జుబాన్‌కీ. అయినా ఆ జుబాన్ నా దాకా వచ్చేసరికి చెవికి మాత్రమే మిగిలింది.

కాబట్టి మీర్‌నీ, గాలిబ్‌నీ, మఖ్దూమ్‌నీ నేను కాగితం మీద చదివి తెలుసుకోలేదు. విన్నాను. రేడియోలో విన్నాను, క్యాసెట్లలో విన్నాను, ఎక్కువగా సినిమాల్లో విన్నాను. మంచి షాయరీ సినిమాకి పోతే చెడిపోతుందని పెద్దలు అంటుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. సినిమాయే లేకపోతే నాలాంటివాడికి షాయరీ అసలు దొరికేదే కాదు. మా ఊళ్లో ముసల్మానుల మాట వదిలెయ్యండి. తెలుగు తప్ప ఇంకో మాట రాని మా పక్కింటి మామ్మ పరిస్థితీ అదే. ఆమె గురజాడ పుస్తకం పట్టుకున్న మనిషి కాదు. కానీ పూర్ణమ్మ పాట వస్తే కొంగుతో కళ్లు తుడుచుకునేది.

ఈ రెండు పాటల గురించే రాస్తున్నాను. ఒకటి మా ఫుప్పీ పాడిన పూల గజల్. రెండోది పక్కింటి మామ్మ విన్న పూర్ణమ్మ పాట. రెండూ సినిమాలకి ముందే కవిత్వంగా పుట్టినవి. రెండూ ఆడపిల్లను అమ్ముకునే కథల్లోకి వచ్చి చేరాయి. ఈ మాట తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

*

1984 సంగతి. నాకు పదేళ్లు. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువొకాయన మా ఇంట్లో టేప్ రికార్డరు, నాలుగైదు క్యాసెట్లు వదిలి వెళ్లాడు. వాటిలో 'బాజార్' సినిమా పాటలున్న క్యాసెట్ ఒకటి. ఫుప్పీ అప్పటికి పదిహేడేళ్లది. మధ్యాహ్నం దాదీ కునుకు తీస్తుంటే, గొంతు తగ్గించి అందులోని పూల గజల్ పాడుకునేది. ప్రతి షేర్ చివరా 'పూల' అన్న మాట తిరిగి తిరిగి వచ్చేది. దాన్ని రదీఫ్ అంటారని, దానికి ముందు ప్రాసగా వచ్చే మాటను కాఫియా అంటారని చెప్పింది ఫుప్పీయే. మొదటి షేర్ మత్లా. చివరి షేర్ మక్తా. ఆ మక్తాలో షాయర్ తన తఖల్లుస్, అంటే తన కలంపేరు, వేసుకుంటాడు. ఫుప్పీ పాడేటప్పుడు చివర్లో 'మఖ్దూమ్' అన్న మాట వచ్చేది. అదేదో పీర్ సాహెబ్ పేరనుకునేవాణ్ణి.

"పీరు కాదురా, షాయరు. హైదరాబాద్ ఆయన," అంది ఒకసారి.

ఆ ఏడాదే ఫుప్పీ నికా అయింది. దుల్హాకి నలభై దాటాయి. మొదటి భార్య చనిపోయి, ఇద్దరు పిల్లలున్నాయన. మాది అప్పుల్లో కూరుకుపోయిన ఇల్లు. ఆయన అప్పు తీర్చాడు, జహేజ్ అడగలేదు. మంచి సంబంధం అన్నారందరూ. చట్టం ఆడపిల్ల పెళ్లీడును 1978లోనే పద్దెనిమిదికి పెంచింది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, లేదా గుర్తొచ్చినా ఎవరూ నోరు విప్పలేదు. ఎవరో చుట్టం మెల్లిగా ఏదో అనబోతే, నాన్న అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "హమే బేచే నై, దియే." మేము అమ్మలేదు, ఇచ్చాం.

నాలుగేళ్ల తర్వాత ఫుప్పీ పుట్టింటికి వచ్చింది. ఆ సాయంత్రం పక్కింటి టీవీలో పాత సినిమా వేస్తున్నారు, 'కన్యాశుల్కం'. ఇంటి నిండా జనం. నేనూ ఫుప్పీ గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నాం. గిరీశం మాటలకు అందరూ నవ్వుతున్నారు, ఫుప్పీ కూడా నవ్వింది. అంతలో పూర్ణమ్మ పాట మొదలైంది. సగం కాకుండానే ఫుప్పీ లేచి మా ఇంటి వంటగదిలోకి వెళ్లిపోయింది.

"ఏటమ్మా, పాటవ్వకుండానే లెగిసిపోనావు?" అంది మామ్మ వెనక నుంచి.

ఫుప్పీ జవాబు చెప్పలేదు. అప్పుడు నాకూ అర్థం కాలేదు.

*

ఇప్పుడు కాస్త తారీఖులోకి పోదాం.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడారు. పుస్తకంగా 1897లో వచ్చింది. ఇప్పుడు మనం చదువుకునే పెద్ద నాటకం 1909 నాటిది. తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశాడు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడని అందులో ఉంది. మూడేళ్లకు తేలిన లెక్క 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందులకు తలకి మూడు వందల యాభై నుంచి నాలుగు వందల రూపాయల దాకా పలికిందట. అప్పట్లో మా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి ఆ జాబితాలో మా పిల్లలు లేరు. సరిహద్దుకి ఇవతల పిల్లల ధర ఏమైనా వేరుగా ఉండేదని మాత్రం నేననుకోను.

ఈ లెక్క చూసిన మనిషి ఏడుపు నాటకం రాస్తాడనుకుంటాం. గురజాడ నవ్వుల నాటకం రాశాడు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మజూస్తాడు. కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లుకే పెళ్లికూతురుగా అంటగడతాడు. సుబ్బి తప్పించుకుంటుంది. మనం నవ్వుకుంటాం.

అదే గురజాడ 'పూర్ణమ్మ' అని వేరే ఒక గేయం రాశాడు. దానికీ నాటకానికీ సంబంధం లేదు. అది ఆడవాళ్లు పనిపాటల్లో పాడుకునే కథాగేయం లాంటిది. పూజారి ఇంటి పిల్ల, దుర్గమ్మకి పూలు కోసుకొచ్చే పిల్ల. తండ్రి డబ్బుకి ఆశపడి ముసలివాడికిచ్చి చేస్తాడు. మొగుడు తీసుకుపోవడానికి వచ్చిన రోజున ఆ పిల్ల అమ్మకీ నాన్నకీ అన్నదమ్ములకీ పేరుపేరునా అప్పగింతలు చెప్పి, పూలు కోసేందుకు రోజూ వెళ్లే కోనేటి దారిన పోయి మళ్లీ ఇంటికి రాదు. ఇక్కడ వేషం కట్టి కాపాడే శిష్యుడెవడూ లేడు.

1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో 'కన్యాశుల్కం' సినిమాగా వచ్చింది. గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి, సంగీతం ఘంటసాల. ఆ సినిమా తీసినవాళ్లు చేసిన ఒక పని నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. నాటకంలో లేని పూర్ణమ్మను తెచ్చి సినిమాలో పాటగా పెట్టారు. దాంతో ఏమైందంటే, తప్పించుకున్న సుబ్బి పక్కనే తప్పించుకోలేని పూర్ణమ్మ నిలబడింది. నవ్వుతున్న జనం నవ్వు మధ్యలో ఆగిపోయారు. పక్కింటి మామ్మ కొంగు కళ్ల దాకా వెళ్లింది అప్పుడే. మా ఫుప్పీ లేచి వెళ్లింది కూడా అప్పుడే.

ఆ సినిమాలో ఇంకో కవిత కూడా ఉంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని 'అద్వైతం'. ఇంగ్లీషు కవి స్విన్‌బర్న్ ప్రేమ కవిత ఒకటి చదివి ఆ అచ్చులో శ్రీశ్రీ రాసిన ప్రేమగీతం అది. గురజాడ 1915లో పోయేనాటికి శ్రీశ్రీ అయిదేళ్ల పిల్లవాడు. గురజాడ పాత్రలుండే లోకంలోకి శ్రీశ్రీ పదాలు రావడం తారీఖు ప్రకారం కుదరదు. అయినా ఎవరూ ఆక్షేపించరు. గురజాడను తన గురువుగా చెప్పుకున్న కవి ఆయన ఇంటికే వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. పాట వింటున్నవాళ్లలో అది స్విన్‌బర్న్ నుంచి శ్రీశ్రీకి, ఆయన నుంచి మద్రాసు స్టూడియోకి, అక్కడి నుంచి ఎచ్చెర్లలో ఒక రేడియోకి వచ్చిందని తెలిసినవాళ్లెందరు? నాకు తెలిసేసరికి ముప్పై ఏళ్లు దాటాయి.

*

సినిమా కవిత్వాన్ని పట్టుకోవడం 1955లో మొదలుకాలేదు. మన దగ్గర మాటలొచ్చిన సినిమా పుట్టిందే పద్యం నోట్లో పెట్టుకుని. 1932 నాటి 'భక్త ప్రహ్లాద' సురభివాళ్లు ఆడే నాటకం మీద ఆధారపడింది. హిందీ వైపు 1931 నాటి 'ఆలం ఆరా' పార్సీ రంగస్థలం నుంచి వచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'ఇందర్ సభా'లో డెబ్భై దాకా పాటలున్నాయని చెబుతారు. దానికి మూలం లక్నో షాయర్ అమానత్ రాసిన నాటకం. పార్సీ కంపెనీలు మన ఊళ్లకూ వచ్చి ఆడాయి. తెలుగు నాటకాల్లో పాటకు 'పార్సీ మట్టు' అని రాగం పక్కన రాసుకున్న రోజులున్నాయి. అంటే మా ఉర్దూ గజలూ మీ తెలుగు పద్యమూ సినిమాకి పోకముందే ఒకే హార్మోనియం మీద కలుసుకున్నాయన్నమాట.

మా ఊళ్ల వైపు తిరునాళ్లలో పద్యనాటకం పడితే తెల్లారేదాకా జనం కదిలేవాళ్లు కాదు. హరిశ్చంద్ర కాటిసీను వస్తే వన్స్ మోర్ కేకలు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని ఆ సీన్లో నటులు గుర్రం జాషువా శ్మశానం పద్యాలు కలిపి పాడేవారు. పంక్తిలో పక్కన కూర్చోనివ్వని కులంలో పుట్టిన కవి. ఆయన పద్యానికి అదే జనం మళ్లీ మళ్లీ పాడమని కేకలు వేశారు. కవిని రానివ్వని చోటికి కూడా పాట పోతుంది. సినిమా చేసింది ఈ పనినే, ఇంకా పెద్ద ఎత్తున.

తెలుగులో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు 'శ్రీకృష్ణావతారం', 'దాన వీర శూర కర్ణ' దాకా ప్రయాణం చేశాయి. హిందీలో 1954 నాటి 'మీర్జా గాలిబ్'లో సురయ్యా గాలిబ్ గజళ్లు పాడింది. ఆ సినిమాకి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. దేశ విభజన తర్వాత ఉర్దూని పాకిస్తాన్ భాషని పక్కకు నెడుతున్న జమానాలో, ఆ జుబాన్‌కి దేశం నలుమూలలా చోటిచ్చింది సినిమా హాలే. ఎచ్చెర్లలో నా వరకూ కూడా అంతే.

మరి సినిమాకి పోయినప్పుడు కవిత్వం ఏమైనా పోగొట్టుకుంటుందా? పోగొట్టుకుంటుంది. సాహిర్ లుధియాన్వీ 'తల్ఖియాఁ' సంకలనంలో 'చక్లే' అని ఒక నజ్మ్ ఉంది. చక్లే అంటే ఆడవాళ్ల ఒంటికి ధర కట్టే వీధులు. తూర్పుదేశాల పవిత్రతను పొగిడే పెద్దమనుషులను ఆ వీధుల్లోకి పిలిచి నిలదీస్తాడు సాహిర్. 1957లో గురుదత్ 'ప్యాసా' తీసినప్పుడు ఈ నజ్మ్‌ని వాడుకున్నాడు. అయితే పల్లవిలోని బరువైన అరబీ, ఫార్సీ మాటలు తీసేసి, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో సాహిరే దాన్ని మార్చి రాశాడు. ఫార్సీ పోయింది. దానివల్ల కవిత్వం పలచబడిందని కొందరంటారు. నాకు అలా అనిపించదు. పుస్తకంలో ఆ ప్రశ్న చదువుకున్నవాళ్లకి. సినిమాలో అది హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కడికీ, ఆ వీధికి పోయి వచ్చి టికెట్ కొనుక్కున్నవాడితో సహా.

*

'బాజార్' సినిమాను నేను చూసింది విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు, అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్లో. పాటలు అన్నీ నోటికి వచ్చు. కథ మాత్రం తెలీదు. చిన్నప్పటి పాటల సినిమా కదా అని సరదాగా కూర్చున్నాను.

సాగర్ సర్‌హదీ 1982లో తీసిన సినిమా అది. కథ నడిచేది హైదరాబాద్‌లో. గల్ఫ్‌లో డబ్బు సంపాదించిన, వయసు మళ్లిన ఒక పెద్దమనిషికి చిన్న వయసు దుల్హన్ కావాలి. ముఫ్లిసీలో ఉన్న ఒక ఇంటి పిల్ల షబ్నమ్‌ని చూపిస్తారు. ఆ పిల్లకి సర్జూ అనే కుర్రాడంటే ప్రాణం. ఆ సంబంధం కుదర్చడంలో నజ్మా అనే ఇంకో ఆడమనిషి చెయ్యి కూడా ఉంటుంది. నజ్మాగా స్మితా పాటిల్, షబ్నమ్‌గా సుప్రియా పాఠక్, సర్జూగా ఫారూఖ్ షేఖ్. నికా జరిగిపోతుంది. షబ్నమ్ విషం తాగుతుంది.

ఖయ్యామ్ సంగీతం. పాటలు ఏరికోరి తెచ్చినవి. ఒకటి మీర్ తఖీ మీర్‌ది, ఆయన పోయింది 1810లో. ఒకటి లక్నో నవాబ్ మీర్జా షౌఖ్‌ది, ఆయన పోయింది 1871లో. ఒకటి ఔరంగాబాద్ షాయర్ బషర్ నవాజ్‌ది. ఇంకొకటి మా ఫుప్పీ పాడిన పూల గజల్, మఖ్దూమ్ మొహియుద్దీన్‌ది. లతా మంగేష్కర్, హైదరాబాదీ గాయకుడు తలత్ అజీజ్ కలిసి పాడారు.

మఖ్దూమ్ 1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టాడు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఉద్యోగం వదిలేసి కార్మిక సంఘాలు పెట్టాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1944లో వచ్చిన తొలి పుస్తకం పేరు 'సుర్ఖ్ సవేరా', ఎర్రని ఉదయం. 1961 నాటి పుస్తకం పేరు 'గుల్-ఎ-తర్', తడి ఆరని పువ్వు. విప్లవం రాసిన చేతితోనే పూలూ రాశాడాయన. 1969లో పోయాడు. ఆయన పోయిన పదమూడేళ్లకు ఈ గజల్ 'బాజార్'లోకి చేరింది. రాసేటప్పుడు ఆయన మనసులో షబ్నమ్ లేదు. అది పూల దండల, పూల బరాత్‌ల ఆనందం. అక్షరం మార్చకుండా ఆ ఆనందాన్నే తెచ్చి, కొద్దిరోజుల్లో అమ్ముడుపోబోతున్న పిల్ల కథలో పెట్టాడు సర్‌హదీ. ఇక ఆ రదీఫ్‌లో పువ్వు వచ్చిన ప్రతిసారీ నా కళ్లకి షబ్నమ్ నికా సెహరా పూలే కనపడ్డాయి. వింటున్న నాకు మెడ మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. ఫుప్పీ మధ్యాహ్నం పాట గుర్తొచ్చింది.

షౌఖ్ పాట దగ్గర ఇంకా ఆగలేకపోయాను. ఆ షేర్‌లు ఆయన 'జహర్-ఎ-ఇష్క్' మస్నవీలోవి. మస్నవీ అంటే పద్యంలో చెప్పిన కథ. అందులో ప్రేమించిన పిల్లను పెద్దవాళ్లు ఊరు దాటించాలనుకుంటారు. ఆ పిల్ల విషం తీసుకునే ముందు ప్రియుడి దగ్గర అల్విదా చెబుతుంది. ఆ అల్విదా మాటల్నే సినిమాలో షబ్నమ్ కోసం జగ్‌జీత్ కౌర్ చేత పాడించారు. వందేళ్లనాటి లక్నో పిల్ల విషం తాగింది. హైదరాబాద్ పిల్లా విషమే తాగింది. విజయనగరం కవి పూర్ణమ్మ మాత్రం కోనేటి వైపు పోయింది. ముగ్గురూ వెళ్లేముందు సెలవు తీసుకున్నారు, ఎవరినీ తిట్టలేదు. టీవీ ముందు నుంచి ఫుప్పీ ఎందుకు లేచి వెళ్లిందో నాకు ఆ రాత్రి తెలిసింది.

*

'బాజార్' మాటెత్తితే మా బిరాదరీలో కొందరికి కోపం వస్తుంది. మన ఇజ్జత్ తీశాడంటారు. బయటివాళ్లలో కొందరికి ఇంకో రకం సంతోషం, "మీలో ఇంతే కదా" అంటారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. గురజాడ ముందుమాట తీసి ఆ 1,034 లెక్క చదవండి. ఆ పిల్లలెవరూ ముసల్మానులు కారు. వాళ్ల తండ్రుల దగ్గర శాస్త్రాలున్నాయి, మా దగ్గర కితాబ్ ఉంది. రెండు చోట్లా పిల్ల ధర నిర్ణయించింది మజ్‌హబ్ కాదు. ఒక చోట ఆశ, ఒక చోట గుర్బత్, రెండు చోట్లా కూతురంటే తండ్రి సొత్తు అనే నమ్మకం.

మా మజ్‌హబ్ సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. నికాలో మెహర్ ఉంటుంది. మెహర్ పెళ్లికూతురి హక్కు. అది ఆమె చేతికి రావాలి, ఆమెదే కావాలి. అదే తండ్రి జేబులోకో, ఇంటి అప్పులోకో పోతే, దానికి కన్యాశుల్కం అన్న తెలుగు మాట తప్ప వేరే పేరు లేదు. మా ఫుప్పీ మెహర్ ఎంతని రాశారో నాకు తెలుసు. ఆమె చేతికి ఎంత వచ్చిందో కూడా తెలుసు. దుల్హా తీర్చింది నాన్న అప్పు. "అమ్మలేదు, ఇచ్చాం" అన్న మాట నాన్న అబద్ధంగా అనలేదు. నమ్మే అన్నాడు. అగ్నిహోత్రావధాన్లు కూడా నమ్మే ఉంటాడు.

సినిమా వచ్చింది కదా, పాటలు దేశమంతా మోగాయి కదా, ఈ బేరాలు ఆగిపోయాయా? ఆగలేదు. 1991లో హైదరాబాద్ నుంచి బయల్దేరిన విమానంలో ఒక ముసలి అరబ్బు పక్కన ఏడుస్తూ కూర్చున్న చిన్నపిల్లను ఎయిర్ హోస్టెస్ గమనించి పోలీసులకు అప్పగించింది. పత్రికలన్నీ రాశాయి. ఆ పిల్లకి దాదాపు పదేళ్లు. అంటే 'బాజార్' పాటలు మారుమోగుతున్న రోజుల్లో ఊయల్లో ఉన్న పిల్ల. పాట బేరం ఆపలేదు. నికాకి ముందు ఫుప్పీ ఏడాదిపాటు ఆ పాటలు పాడింది. వాటి వెనక కథ మా ఇంట్లో ఎవరూ చూడలేదు. చూస్తే ఏమయ్యేదో నేను చెప్పలేను. చూడకపోవడం మాత్రం మాకు సుఖంగా ఉండింది.

మరి ఏం చేసిందంటారా? బేరంలో మాట్లాడే హక్కు లేని మనిషికి మాటలిచ్చింది. పదిహేడేళ్ల పిల్ల దాదీ నిద్రపోయినప్పుడు పాడుకోవడానికి ఏదో ఒకటి ఉండింది. పరాయి భాష సినిమా చూస్తుంటే లేచి వెళ్లిపోవడానికి ఒక కారణం దొరికింది. నోరు తెరిచి చెప్పకుండానే చెప్పగలిగింది.

*

ఇంకో నష్టం గురించి చెప్పి ముగిస్తాను. సినిమాకి పోయిన కవిత కవి పేరు పోగొట్టుకుంటుంది. పూర్ణమ్మ పాట ఎవరిదని అడిగితే పక్కింటి మామ్మ "ఆ సినిమాదే" అనేది. 'అద్వైతం' శ్రీశ్రీదని తెలియకుండానే పాడుకున్నవాళ్లు కోకొల్లలు. ఈ భయం మన పాతవాళ్లకి ముందే ఉండేదేమో. వేమన పద్యానికి మకుటం పెట్టుకున్నాడు. ఉర్దూ షాయర్లు మక్తాలో పేరు దాచుకున్నారు. పుస్తకం పోయినా, అట్ట చిరిగినా, పాడేవాడి నోటిలో పేరు మిగిలిపోవాలని. నేను పీర్ అనుకున్న మఖ్దూమ్ నాకు దొరికింది అలాగే. గురజాడకి పూర్ణమ్మ పాటలో అలాంటి చోటు లేదు. పేరు చెప్పాల్సిన పని మనదే.

ఫుప్పీకి ఇప్పుడు యాభై దాటి చాలా ఏళ్లయింది. భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది. కళ్లు మందగించాయి. ఉర్దూ పుస్తకం చదవలేకపోతోంది. ఇది రాసి మొదట ఆమెకే చదివి వినిపించాను. నికా సంగతి దగ్గర గొంతు తడబడితే, "చదువు, ఆగకు" అంది. అంతా విని కాసేపు ఊరుకుంది.

"ఆ పూర్ణమ్మ పాట రాసినాయన ఏ ఊరాయన?"

"విజయనగరం, ఫుప్పీ. ఇక్కడికి దగ్గరే."

"ఆడపిల్లలున్నారా ఆయనకి?"

"ఇద్దరు."

తల ఊపింది. తర్వాత, "ఫోన్‌లో ఉంటాయి కదా పాటలు, పెట్టు," అంది. పూల గజల్ పెట్టబోయాను.

"అది కాదురా. ఆ రోజు సగంలో వదిలేసిందది."

పెట్టాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది. ఈసారి లేచి వెళ్లలేదు.